మేడారం మెష్: ఒక బోర్డు పోతే కీలన్నీ మార్చాలా?

హన్మకొండ_ఈసీఈ:
మాది ఫైనలియర్ ప్రాజెక్టు. జాతరలో జనం పెరిగేసరికి ఫోన్లు కలవవు కదా, అందుకని గద్దెలు, జంపన్నవాగు, బస్టాండు వైపు తిరిగే వాలంటీర్లకు 20 ఈఎస్‌పీ32 లోరా బోర్డులిచ్చి (తక్కువ కరెంటుతో దూరం పోయే రేడియో ఉన్న చిన్న బోర్డులు), టవర్‌తో పని లేకుండా ఒకదాన్నుంచి ఇంకోదానికి మెసేజ్ పోయేలా మెష్ చేస్తున్నాం. తప్పిపోయిన పిల్లల వివరాల కోసం. మెసేజ్‌కి తాళం వేసే ఏఈఎస్ కీ అన్నింట్లో ఒకటే. రివ్యూలో సార్ ఒక్కటే అడిగారు, ఆ జనంలో ఒక బోర్డు ఎవడి చేతికో పడితే ఏం చేస్తారని. నోట మాట రాలేదు. టవర్లు లేని నెట్‌వర్క్‌ల భద్రత మీద జౌ, హాస్ 1999లో రాసిన పేపర్లోని త్రెషోల్డ్ పద్ధతి పెడితే సరిపోతుందా?

కాజీపేట_నెట్‌వర్క్:
తమ్మీ, ఆ పేపర్ సమస్య వేరు. నమ్మకమైన సర్వర్ ఒకటి పెట్టలేని చోట, ఏ కీ ఎవరిదో చెప్పే సర్టిఫికెట్ల మీద సంతకం చేసే కీని ముక్కలు చేసి కొన్ని నోడ్లకు, అంటే బోర్డులకు, పంచుతారు. ఐదుగురిలో ముగ్గురు కలిస్తేనే సంతకం పడేలా పెట్టారనుకో, ఇద్దరి బోర్డులు దొంగ చేతికి చిక్కినా కీ బయటపడదు. షమీర్ 1979లో చెప్పిన లెక్కే దీనికి పునాది. బాగుంటుంది కానీ వాగు దగ్గర ఇద్దరే ఉండి మూడోవాడు రేంజ్‌లో లేకపోతే ఎదురుచూస్తూ కూర్చోవాల్సిందే.

మీ బోర్డులన్నీ ముందురోజు మీ టేబుల్ మీదే ఉంటాయి కదా, కీలు అక్కడే ఎక్కించండి. ప్రతి జంటకు వేరే కీ అంటే మొత్తం 190, ఒక్కో బోర్డులో 19, కీకి 32 బైట్లేసుకున్నా 608 బైట్లు. ఒకటి పోయిందా, ఆ 20లోనే డెస్క్ దగ్గర ఉంచుకునే బోర్డు అందరికీ కలిపి కొత్త గ్రూప్ కీ తయారుచేసి మిగిలిన 18కి ఎవరి జంట కీతో వాళ్లకు పంపుతుంది, పోయినదానికి అందదు.

మడికొండ_ఎంబెడెడ్:
పైన అన్న చెప్పింది కరెక్టే, కానీ మీకు రహస్యం కంటే పంపింది ఎవరన్నది ముఖ్యం. "పాప వాగు దగ్గరుంది" అని ఎవడో దొంగ మెసేజ్ పెడితే తల్లిదండ్రులు అటు ఉరుకుతారు. గ్రూప్ కీ ఒక్కటే ఉంటే పంపినవాడెవడో తేలదు. ఒక్కో బోర్డుకు ఎడ్25519 కీల జత (సంతకం చేయడానికి దాచుకునే ప్రైవేట్ కీ, ఆ సంతకం సరిచూసే పబ్లిక్ కీ) పెట్టి, అందరి పబ్లిక్ కీలూ ముందే ఎక్కించేయండి, 640 బైట్లే. సంతకం 64 బైట్లు. ఎక్స్.509 సర్టిఫికెట్ల జోలికి వెళ్లకండి, అవి పెద్దవి, లోరా ప్యాకెట్లో పట్టేది 255 బైట్లు.

ఇంకోటి, నేను స్వయంగా దెబ్బతిన్నది: బ్యాటరీ ఊడి బోర్డు మళ్లీ లేచినప్పుడు మెసేజ్‌లు లెక్కపెట్టే కౌంటర్ సున్నా నుంచి మొదలైంది, జీసీఎంలో (ఏఈఎస్ వాడే ఒక పద్ధతి) అదే కీతో అదే నాన్స్ (ప్రతి మెసేజ్‌కీ మారాల్సిన నంబరు) రెండోసారి పడింది, అంటే భద్రత పోయినట్టే. కౌంటర్‌ని ఫ్లాష్‌లో దాచండి, నాన్స్‌లో బోర్డు నంబరు కలపండి. ఫ్లాష్ ఎన్‌క్రిప్షన్ కూడా ఆన్ చేయండి, లేకపోతే యూఎస్‌బీ పెట్టి కీలన్నీ చదివేసుకుంటారు. దానికి చిప్‌లో కాల్చే ఈఫ్యూజ్ (ఒక్కసారే రాయగలిగే బిట్) ఒకసారి కాలితే వెనక్కి రాదు, ముందు ఒక పాత బోర్డు మీద చూసుకోండి.

హన్మకొండ_ఈసీఈ:
అన్నా, బోర్డు పోయిందని వాలంటీర్ రెండు గంటల తర్వాత చెప్తే? ఆ మధ్యలో?

కాజీపేట_నెట్‌వర్క్:
ఆ రెండు గంటలూ దొంగవే, ఏ పద్ధతి పెట్టినా పూర్తిగా పోదు. తగ్గించగలం అంతే. డ్యూటీ మారేటప్పుడు డెస్క్ దగ్గర ఆ షిఫ్ట్ కీ మాత్రమే ఎక్కించండి, టైమ్ దాటితే మిగతా బోర్డులు ఆ కీని ఒప్పుకోవు. కాకపోతే కరెంటు పోతే ఈఎస్‌పీ32 టైమ్ మర్చిపోతుంది, ఒక డీఎస్3231 ఆర్టీసీ, అంటే సొంత బ్యాటరీతో టైమ్ నిలుపుకునే గడియారం చిప్, కొనుక్కోండి. ఆర్టీసీ అంటే బస్సు కాదు.