శ్రీకాకుళంలో ఏసీ, ఫ్రిజ్ సర్వీసు: పనికి లోటు లేదు, ఆదాయమే రెండేళ్లుగా కదలడం లేదు

అడిగినవారు, శ్రీకాకుళం:
అందరికీ నమస్కారం. నాది ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ రిపేరు పని. పాలకొండ రోడ్డు వైపు చిన్న షాపు, నేనూ, ఒక హెల్పర్ గుంటడూ. మొదట్లో ఏటేటా ఎంతో కొంత పెరుగుతూ వచ్చింది గానీ ఈ రెండేళ్లుగా ఖర్చులు పోను నెలకి ముప్పై వేల దగ్గరే ఆగిపోయింది. పని లేదా అంటే ఉంది. వేసవిలో అన్నం తినడానికి కూడా టైముండదు, పొద్దున్న ఏడు రోడ్ల జంక్షన్, మధ్యాహ్నం ఆమదాలవలస, చీకటి పడ్డాక నరసన్నపేట. వానలు మొదలయ్యాయంటే షాపులో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడమే. ఫేస్‌బుక్‌లో యాడ్ వెయ్యమని ఒకరు, కొత్త ఏసీలు అమ్మమని ఇంకొకరు, ముద్రా లోను తీసుకుని షాపు పెద్దది చెయ్యమని మా బావ. ఏటి చెయ్యాలో తెలీట్లేదు. ఈ లైన్లో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి.

విజయనగరం నుంచి ఒక ఏసీ మెకానిక్:
తమ్ముడూ, లోను, యాడ్లు కాసేపు పక్కన పెట్టు. ముందు మూడు ముక్కలు చెప్పు. పోయిన వేసవిలో నువ్వు పని చేసిన ఇళ్ల లిస్టు నీ దగ్గర ఉందా? వెళ్లి చూసి, పని కాకపోతే ఏమైనా తీసుకుంటున్నావా? నరసన్నపేట వెళ్తే ఒక ఇంటికేనా, నాలుగైదు ఇళ్లు కలుపుకుని వెళ్తున్నావా?

అడిగినవారు:
లిస్టంటే ఫోన్లో నంబర్లే అన్నా. చూసినందుకు డబ్బులు అడిగితే "ఏటీ, చూసినందుక్కూడానా" అంటారు, మొహమాటంగా ఉంటుంది. నరసన్నపేట ఎవరు పిలిస్తే వాళ్ల కోసం వెళ్లడమే, ఆలస్యమైతే వేరేవాణ్ని పిలిచేస్తారు.

విజయనగరం మెకానిక్:
అనుకున్నదే. నరసన్నపేట నుంచి ఫోన్ వచ్చిందనుకో, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ తిరగడం లేదని. నువ్వూ గుంటడూ బండి మీద వెళ్లారు, పోయి రావడం నలభై కిలోమీటర్ల పైమాట, సుమారు లీటరు పెట్రోలు, అంటే 110 రూపాయలు. చూస్తే కెపాసిటర్ పోయింది. ఆ సైజు సంచిలో లేదు, వెనక్కొచ్చి తీసుకుని మళ్లీ వెళ్లావు, ఇంకో 110. బిల్లు 600 అన్నావు, అందులో కెపాసిటర్ ఖరీదే 200. గుంటడికి రోజుకి 500 ఇస్తే సగం పూట 250. ఇప్పుడు 600లోంచి 200, 220, 250 తీసెయ్. డెబ్బై రూపాయలు ఎదురు పెట్టావు, నీ పూట కూలి అసలు లెక్కలోకే రాలేదు. పైగా ఆ ఇంటాయన "కెపాసిటర్‌కి ఆరు వందలా" అని పక్కింటాయనతో చెప్పుకుంటాడు.

అదే మంగళవారం, శుక్రవారం నరసన్నపేట రోజులని ఖాయం చేసుకో. ఫోన్ చేసినవాళ్లకి "ఎల్లుండి మీ ఊళ్లోనే ఉంటాను, పది పదకొండు మధ్య వస్తాను" అని చెప్పు. టైము ఖచ్చితంగా చెబితే చాలామంది ఆగుతారు, "వస్తున్నా, దారిలో ఉన్నా" అనేవాణ్ని చూసే జనం విసిగిపోయి ఉన్నారు. ఆగలేనివాళ్లు పోనీ. ఒక్క పూటలో అలాంటివే మూడు పనులు పడితే పార్టు ఖరీదు పోను 1200, అందులో పెట్రోలు, గుంటడి సగం పూట కలిపి 360 పోతే 840 మిగులుతుంది. సంచిలో 36, 45, 50 మైక్రోఫారడ్ కెపాసిటర్లు తలా రెండు, ఫ్యాన్‌కి 2.5ది రెండు, ఫ్లేర్ నట్లు, డ్రెయిన్ పైపు ముక్క, సెన్సర్లు ఎప్పుడూ ఉండాలి. రెండో ట్రిప్పు అనేదే ఉండకూడదు.

విజిట్ చార్జీ ఫోన్లోనే చెప్పేసెయ్. టౌన్లో 200, బయటికి 300, పని చేయించుకుంటే బిల్లులో తగ్గిస్తాను అని. ఇంటికి వెళ్లాక అడిగితేనే గొడవ, ముందే చెబితే ఎవరూ ఏమీ అనరు. ఊరికే చూపించుకుని రేటు కనుక్కునేవాళ్లు ఎలాగూ తగ్గిపోతారు, వాళ్లు తగ్గడమే నీకు లాభం.

బలగ నుంచి ఒక ఇంటావిడ:
బాబూ, నేను మెకానిక్‌ని కాదు గానీ కస్టమర్ వైపు మాట కూడా వినండి. నా ఫోన్లో "ఏసీ బాబు" అని ముగ్గురున్నారు. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరు బాగా చేశారో గుర్తుండదు, ఎవరు ముందు ఫోనెత్తితే వాళ్లే వస్తారు. చేసిన మనిషి ఏసీ మీద ఒక స్టిక్కర్ అంటించి, తేదీ, నంబరు రాసి వెళ్తే నేను ఇంకొకర్ని ఎందుకు పిలుస్తాను? ఇంకోటి. ఒకతను వచ్చి గ్యాసు అయిపోయిందని రెండున్నర వేలు తీసుకున్నాడు, కాగితం లేదు, ఏం లేదు. మళ్లీ ఏడాది తిరక్కుండానే చల్లదనం పోయింది, వచ్చిన ఇంకొకతను మళ్లీ గ్యాసే అన్నాడు. ఇదేం గ్యాసు బాబూ, వంట గ్యాసులా నెలనెలా అయిపోవడానికి?

విజయనగరం మెకానిక్:
అమ్మా, మీరు అడిగింది నూటికి నూరుపాళ్లు సరైన మాట. ఏసీలో గ్యాసు వాడితే తరిగేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే, లీకు పట్టకుండా నింపితే మళ్లీ పోతుంది.

తమ్ముడూ, నీ ఎదుగుదల సగం ఇక్కడే ఉంది, జాగ్రత్తగా విను. గ్యాసు తగ్గిన ఏసీ దొరికితే నైట్రోజన్ ప్రెషర్ పెట్టి ఫ్లేర్ నట్ల మీద, కాయిల్ వంపుల మీద సబ్బు నురగ రాయి. బుడగ లేచిందా, ఫోన్లో పది సెకన్ల వీడియో తీసి ఆ ఇంటివాళ్లకే వాట్సాప్ చెయ్. ఆ వీడియో చూశాక బేరం ఆడేవాళ్లు అరుదు. కళింగపట్నం వైపు, సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి అవుట్‌డోర్ కాయిల్ తినేస్తుంది, అక్కడైతే ముందే చెప్పు, ఇది అతుకు వేసినా ఎన్నాళ్లుంటుందో గ్యారంటీ ఇవ్వలేనని. ఏ ఏసీలో ఏ గ్యాసో ప్లేటు మీద చూసి అదే వెయ్యి. ఆర్-32 అయితే కొద్దిగా మండే గుణం ఉన్నది, వెల్డింగ్ పెట్టే ముందు లైను పూర్తిగా ఖాళీ చేసి నైట్రోజన్‌తో ఊదాలి, గుంటడికి కూడా ఇది నేర్పు. బిల్లు మీద "లీకు బాగుచేసిన చోట మూడు నెలల బాధ్యత నాది" అని రాసి సంతకం పెట్టు. ఇలా చేసేవాడికి గ్యాసు పనికి ఐదారు వందలు ఎక్కువైనా ఇస్తారు.

బలగ ఇంటావిడ:
ఇస్తాం. రెండోసారి గ్యాసుకి మళ్లీ రెండున్నర వేలు పోసేకంటే అదే నయం.

రాజాం నుంచి అకౌంట్లు చూసే ఒకాయన:
లెక్కల వైపు నాలుగు మాటలు. కొత్త ఏసీలు అమ్మమన్న సలహా దగ్గర ఒక్కసారి ఆగండి. సేవలు చేసేవాళ్లకి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకి ఉన్న 40 లక్షల పరిమితి, సర్వీసు కూడా చేసే మీకు వర్తించదు. నలభై వేల దగ్గరి ఏసీలు ఏడాదికి ముప్పై, ముప్పై అయిదు అమ్మితే సర్వీసు డబ్బుతో కలిపి ఆ 20 లక్షల గీత దాటేయొచ్చు. మిగిలేది ఒక్కో ఏసీకి కొద్దిపాటే, పెద్ద షోరూముల వాళ్లు ఈఎంఐ మీద ఇస్తుంటే మీరు రేటులో పోటీ పడలేరు. అమ్మకం వాళ్లకి వదిలేసి ఫిట్టింగు పని అడగండి.

ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, మాత్రం ఈ వారమే చేసుకోండి. ప్రభుత్వ వెబ్‌సైట్లో ఆధార్, పాన్‌తో అయిపోతుంది, పైసా ఫీజు లేదు, డబ్బులు అడిగే సైట్ల జోలికి వెళ్లకండి. లాడ్జీలు, నర్సింగ్ హోములతో ఏడాది కాంట్రాక్టు రాసుకుంటే ఇది పనికొస్తుంది. సూక్ష్మ, చిన్న సంస్థలకి బిల్లు డబ్బు కట్టాల్సిన గడువు రాత ఒప్పందం లేకపోతే 15 రోజులు, ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజులు. ఆ గడువు దాటిన బాకీ మార్చి 31 నాటికి ఇంకా మిగిలి ఉంటే, కట్టేదాకా దాన్ని వాళ్లు ఇన్‌కంటాక్సులో ఖర్చుగా చూపించుకోలేరు, అందుకని వాళ్ల ఆడిటరే తొందరపెడతాడు. కంపెనీలు, పెద్ద సంస్థలు బిల్లులో 1 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఇన్‌కంటాక్సు, కోస్తే కంగారు పడకండి, పన్ను పడనంత ఆదాయమైతే రిటర్ను వేస్తే తిరిగొస్తుంది.

ముద్రా గురించి. శిశు కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తాకట్టు లేకుండా ఇస్తారు. జెట్ పంపు, వాక్యూమ్ పంపు, నైట్రోజన్ సిలిండరు లాంటి వాటికైతే శిశు చాలు. షాపుకి అద్దాలు, బోర్డులు, లైట్లు పెట్టడానికి లోను వద్దు. మీ కస్టమర్ షాపుకి రాడు, మీరే వాళ్లింటికి వెళ్తారు.

అడిగినవారు:
అందరికీ చాలా థ్యాంక్స్. మా బావకి ఆ చివరి మాట చూపించాలి. జూలై నుంచి జనవరి దాకా ఏం చెయ్యాలన్నది ఇంకా తేలలేదు, ఇళ్ల ఏసీలు అప్పుడు ఎవరూ ముట్టరు.

విజయనగరం మెకానిక్:
ఇళ్లు వదిలెయ్, వ్యాపారాలు పట్టు. మెడికల్ షాపుల ఫ్రిజ్‌లు చూడు. ఇన్సులిన్, టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, ఫ్రిజ్ ఆగితే వాళ్ల సరుకంతా పోతుంది. రెండు నెలలకొకసారి వచ్చి గాస్కెట్, థర్మోస్టాట్ చూసి, కాయిల్ దుమ్ము దులిపి, టెంపరేచర్ రాసిచ్చి వెళ్తానని చెప్పు, ఫ్రిజ్‌కి ఏడాదికి 1500 అడుగు. ఒక వీధిలో ఐదు షాపులుంటే ఒక్క గంట పని. తర్వాత లాడ్జీలు. రథసప్తమికి అరసవల్లి జనం దిగకముందే వాళ్ల ఏసీలు, గీజర్లు సిద్ధంగా ఉండాలి, అందుకని నవంబరులోనే వెళ్లి గదుల లెక్క తీసుకుని, "ఇప్పుడైతే ఒక్కో ఏసీకి 350, ఏప్రిల్‌లో 550" అని చెప్పు. మా ఊళ్లో సిరిమానోత్సవం ముందు నేను చేసేది ఇదే. చలికాలం గీజర్లు ఎలాగూ వస్తాయి, ఉప్పునీటి బోర్లున్న వీధుల్లో ఎలిమెంటుకి సున్నం పట్టేస్తుంది. తుపాను రోజుల్లో కరెంటు వచ్చి పోతూ ఏసీల పీసీబీ బోర్డులు కాలతాయి, అవి బాగుచెయ్యడం నేర్చుకుంటే కంపెనీవాళ్లు కొత్త బోర్డు వెయ్యాలనే చోట నువ్వు సగం ధరకి చేస్తావు. నేర్చుకోవడానికి వానాకాలమే మంచి టైము.

ఫేస్‌బుక్ యాడ్లు ఇప్పుడొద్దు. గూగుల్ మ్యాప్‌లో నీ షాపు పెట్టు, ఉచితం, షాపు, బోర్డు వీడియో తీసి చూపిస్తే వెరిఫై అవుతుంది. పని అయ్యాక అక్కడే నిలబడి "రెండు ముక్కలు రాయండి సార్" అని అడుగు, అడగనిదే అమ్మైనా పెట్టదు. మనవాళ్ల చేతే ఐదేసి స్టార్లు కొట్టించుకోవడం మాత్రం వద్దు, చిన్న ఊరు, ఇట్టే తెలిసిపోతుంది.

అడిగినవారు:
ఆఖరి సందేహం అన్నా. పాత కస్టమర్లకి సర్వీసు 400కే చేస్తూ వచ్చాను. ఇప్పుడు పెంచితే పోతారేమోనని టెన్షన్.

విజయనగరం మెకానిక్:
కొందరు పోతారు. ఉన్నపళంగా ఏప్రిల్ ఎండలో పెంచితే ఎక్కువమంది పోతారు, అందుకని ఫిబ్రవరిలోనే మెసేజ్ పెట్టు. వాట్సాప్ బిజినెస్ పెట్టుకుని ఊరు వారీగా లేబుళ్లు వేసుకో, లేబుల్ చూసి ఇలా పంపు: "నమస్కారమండీ, పోయిన ఏప్రిల్‌లో మీ ఏసీ సర్వీసు చేసిన మెకానిక్‌ని. ఎండలు ముదరకముందే మళ్లీ చేయించుకుంటే మంచిది. మార్చి 15 లోపు బుక్ చేసుకుంటే పాత రేటే, ఆ తర్వాత 550. శనివారం మీ వీధిలోనే ఉంటాను, ఏ టైము వీలో చెప్పండి." దీంతో మార్చి కూడా నిండుతుంది, ఏప్రిల్‌లో కొత్త రేటుకి కొత్తవాళ్లకి చోటుంటుంది.

బలగ ఇంటావిడ:
బాబూ, ఆ 550లో ఏమేం చేస్తావో కూడా రాయి. జెట్ పంపుతో కడుగుతావా, ఉత్త ఫిల్టరు దులిపి వెళ్తావా, డ్రెయిన్ పైపు చూస్తావా లేదా. కింద బట్ట పరిచి, పని అయ్యాక నేల తుడిచి వెళ్తానని కూడా రాశావంటే మా అపార్ట్‌మెంటులో అందరికీ నేనే పంపిస్తాను.

అడిగినవారు:
రాస్తానమ్మా. మీకు శనివారం వీలవుతుందా?

బలగ ఇంటావిడ:
పదకొండు తర్వాత రా. రెండు ఏసీలున్నాయి, వాటిలో ఒకటి ఆ గ్యాసుదే. నైట్రోజన్ కూడా పట్టుకురా.