రాళ్ల తీరం, లోయల గుండా పరుగు: ఏ వైపు నుంచి మొదలుపెట్టాలి?

చదునైన రోడ్డు మీద 10 కిలోమీటర్లు గంటలోపే పరుగెత్తుతాను. ఆ ధీమాతోనే తీరం కొండల మీదుగా వెళ్లి, వెనక లోయల గుండా తిరిగొచ్చే 18 కిలోమీటర్ల దారి గీసుకున్నాను. మూడు గంటలు పట్టింది! మ్యాపులో దూరం చూశానే గాని ఎత్తుపల్లాల గీతలు చూడలేదు, అదీ నా తెలివి. దిగుడులో తొడలు వణికాయి. నాచు పట్టిన బండ మీద కాలు జారి అరచేయి చీరుకుపోయింది.

ఆటు నుంచి పోటుకు దాదాపు ఆరు గంటలే కనుక, కొండల కింది ఇసుక దారిని నమ్ముకోలేను. కాళ్లు తాజాగా ఉన్నప్పుడే తీరం ముగించి లోయలోకి దిగాలా, లేక తిరగేసి వెళ్లాలా? దిగుడు దారులకు తొడలను ఎలా అలవాటు చేయాలి? అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.