బ్రిస్బేన్ వస్తున్నాను, మొదటి ఫోర్ వీల్ డ్రైవ్ ఏది కొనమంటారు?

ప్రశ్న (శ్రీకాకుళం నుంచి)

అందరికీ నమస్కారం. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. వచ్చే నెల బ్రిస్బేన్‌లో ఉద్యోగంలో చేరుతున్నాను. నేను, మా ఆవిడ, నాలుగేళ్ల పాప. ఇంటి నుంచి ఆఫీసు ఆరేడు కిలోమీటర్లు. రోజూ తిరగడానికీ, నెలకో రెండు నెలలకో టెంట్ వేసుకుని క్యాంపింగ్‌కి వెళ్లడానికీ ఒకే బండి కావాలి. పాతికవేల డాలర్లు అనుకున్నాను. ఇక్కడ స్నేహితుడి థార్ నాలుగైదు సార్లు నడిపాను, అంతకు మించి తెలియదు. జిమ్నీ మీద మోజుగా ఉంది. ఏమంటారు?

జవాబు (మెల్‌బోర్న్, సొంతూరు బొబ్బిలి)

తమ్ముడూ, సుబారు ఫారెస్టర్ తీసుకుని ప్రశాంతంగా ఉండు. నాలుగు చక్రాలకీ ఎప్పుడూ పవర్ అందుతుంది, నేలకీ బండికీ మధ్య 220 మిల్లీమీటర్ల ఎత్తు ఉంది. నేను వెళ్లిన క్యాంపింగ్ చోట్లన్నీ కంకర రోడ్డుతోనే సరి. లో రేంజ్ (నెమ్మదిగా, బలంగా లాగే గేర్లు) లేదని ఒక్కసారి కూడా ఏడవలేదు.

జవాబు (బ్రిస్బేన్, ప్రస్తుతం సెలవు మీద కళింగపట్నంలో)

అన్న చెప్పింది మెల్‌బోర్న్‌కి సరే. బ్రిస్బేన్‌లో మనవాళ్లు క్యాంపింగ్ అనగానే ఇసుక మీద పడతారు. బ్రైబీ దీవికి వంతెన మీదుగా గంట ప్రయాణం. మోర్టన్ దీవికి, గర్రికి (ఫ్రేజర్ దీవి అనేవాళ్లం, 2023లో అసలు పేరు తిరిగి పెట్టారు) బార్జి (బండ్లని దాటించే పడవ) ఎక్కాలి. బీచ్ మీద బండి దింపాలంటే ముందే పర్మిట్ కొనాలి. అక్కడ ఆల్ వీల్ డ్రైవ్ వేరు, ఫోర్ వీల్ డ్రైవ్ వేరు. ఫారెస్టర్‌కి లో రేంజ్ గేర్లు లేవు. మెత్తటి ఇసుకలో నెమ్మదిగా, బలంగా లాగడానికి పనికొచ్చేవి అవే.

నిన్న సాయంత్రం మన లైట్‌హౌస్ దగ్గర ఒక తమాషా జరిగింది. ఎవరో ఫొటోల కోసం పెద్ద కొత్త ఎస్‌యూవీని నీళ్ల దాకా తీసుకెళ్లారు. దిగబడింది. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంటోంది. నలుగురు కుర్రాళ్లు వెనక నుంచి తోస్తున్నారు, ఇసుకంతా వాళ్ల మొహాల మీదే. నేను వెళ్లి టైర్లలో సగం గాలి తీసేయండి అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, 'గాలి తీసేస్తే మళ్లీ పంచర్ షాపు దాకా ఎలా వెళ్లాలండీ?' అన్నాడు. నిజమే మరి, ఆయన దగ్గర పంపు లేదు. చివరికి ఒక ట్రాక్టర్ తాడేసి లాగింది.

నవ్వుకున్నాను గానీ మొదటిసారి బ్రైబీ వెళ్లినప్పుడు నా గతీ అదే. టైర్లలో 36 పీఎస్ఐ గాలితో ఇసుకలోకి దిగాను, యాభై మీటర్లలో ఇరుసు దాకా కూరుకుపోయాను. ఒక తెల్ల ముసలాయన వచ్చి, ఒక్క మాటైనా మాట్లాడకుండా నా టైరు పక్కన కూర్చుని వాల్వ్ నొక్కి పెట్టాడు. బుస్సుమని గాలి పోతుంటే నాకు ప్రాణం పోయినట్టే ఉంది. నాలుగింటికీ 18కి దించాడు. టైరు అడుగు పొడుగ్గా పరుచుకుంది. రివర్స్ వేసి మెల్లగా తొక్కితే బండి దానంతటదే బయటికి వచ్చేసింది. అందుకే చెబుతున్నాను, పాతికవేలూ బండికే పొయ్యకు. మంచి టైర్లు, ప్రెషర్ గేజ్, కంప్రెసర్, చక్రం కింద పెట్టే రికవరీ ట్రాక్స్ రెండు, ఒక పార. వీటికి డబ్బు విడిగా తీసి పెట్టు. తారు రోడ్డు ఎక్కగానే గాలి మళ్లీ నింపుకోవాలి, మెత్తటి టైరుతో స్పీడుగా వెళ్తే పేలిపోతుంది.

ఇంకొకటి. ట్రైలర్ తగిలించే గుండుకి మాత్రం తాడు కట్టి లాగించుకోకు. అది విరిగి ఫిరంగి గుండులా దూసుకొచ్చి మనుషులు చచ్చిపోయారక్కడ. తాడు తగిలించడానికి రికవరీ పాయింట్లు వేరే ఉంటాయి, బండి కొనే ముందు అవి ఉన్నాయో లేదో వంగి చూడు.

ఇక జిమ్నీ. ఇసుకలో, రాళ్లలో దానికి తిరుగులేదు, ఒప్పుకుంటాను. కానీ మూడు డోర్ల దాంట్లో వెనక సీట్లు నిలబెట్టి ఉంటే డిక్కీ 85 లీటర్లే. టెంట్ పెడితే కుక్కర్ బయట, కుక్కర్ పెడితే టెంట్ బయట. ఐదు డోర్ల జిమ్నీ మన గురుగ్రామ్‌లో తయారై అక్కడికి వస్తోంది గానీ కొత్తది నీ బడ్జెట్ దాటేస్తుంది.

ప్రాడో, పాజెరో మంచి బండ్లే. నీకు మాత్రం డీజిల్ వద్దంటాను. కొత్త తరం డీజిల్ బండ్లకి పొగలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రపడాలంటే బండి వేడెక్కి హైవే మీద కాసేపు పరుగెత్తాలి. నువ్వు రోజూ ఆరు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే మసి పేరుకుపోతుంది, బాగుచేయించే ఖర్చుకి కళ్లు తిరుగుతాయి.

నా ఓటు పాత గ్రాండ్ విటారాకి. 2008 తర్వాత వచ్చిన 2.4 లీటర్ పెట్రోల్, ఐదు డోర్లది. ఇప్పుడు మన ఊళ్లో మారుతి అమ్ముతున్న గ్రాండ్ విటారాకీ దానికీ పేరు తప్ప పోలిక లేదు. ఎప్పుడూ ఫోర్ వీల్ డ్రైవ్‌లోనే ఉంటుంది, లో రేంజ్ ఉంది, పార్కింగ్‌లో ఇరుక్కోదు. పెట్రోల్ కాస్త ఎక్కువే తాగుతుంది. అందులో టూ వీల్ డ్రైవ్ రకాలూ ఉన్నాయి జాగ్రత్త. డాష్‌బోర్డ్ మీద 4హెచ్, 4హెచ్ లాక్, 4ఎల్ లాక్ (లో రేంజ్ ఇదే) అని రాసిన గుండ్రటి బటన్ కళ్లతో చూశాకే బేరం మొదలుపెట్టు. పాత బండి కదా, బీచ్‌లో తిరిగి తిరిగి అడుగు తుప్పు పట్టి ఉండొచ్చు. కళింగపట్నంలో సైకిల్ చైన్‌కి ఏం జరుగుతుందో తెలుసు కదా, బండికీ అదే.

క్వీన్స్‌లాండ్‌లో రిజిస్ట్రేషన్ ఉన్న బండి అమ్మేవాళ్లు సేఫ్టీ సర్టిఫికెట్ ఇవ్వాలి. దాన్ని చూసి మురిసిపోకు. బ్రేకులు, టైర్లు, లైట్లు చూస్తారు తప్ప ఇంజన్ ఎన్నాళ్లు వస్తుందో చెప్పరు. ఒక మెకానిక్‌కి డబ్బిచ్చి విడిగా చూపించు. పీపీఎస్ఆర్ అనే ప్రభుత్వ సైట్‌లో రెండు డాలర్లు కట్టి, బండి మీదుండే 17 అక్షరాలు, అంకెల నంబరు (వీఐఎన్) కొడితే అప్పుందో, దొంగదో, ఇన్సూరెన్స్ వాళ్లు ఇక బాగుచేయడం దండగని రైటాఫ్ చేశారో తేలిపోతుంది.

జవాబు (గోల్డ్‌కోస్ట్, సొంతూరు విజయనగరం)

మగవాళ్లు ఇసుక దగ్గరే ఆగిపోతారు! తమ్ముడూ, అక్కడ ఏడేళ్ల లోపు పిల్లలకి చైల్డ్ సీట్ తప్పనిసరి. మూడు డోర్ల బండిలో వర్షంలో వంగి పాపకి బెల్ట్ పెట్టే పని రోజూ ఎవరిదో మీ ఆవిడని అడుగు. పైన క్యారియర్, టెంట్ బిగిస్తే మాల్‌లో అండర్‌గ్రౌండ్ పార్కింగ్‌కి పట్టకపోవచ్చు. గేటు మీద ఎత్తు రాసి ఉంటుంది. మావారు ఒకసారి చదవలేదు, క్యారియర్ రాడ్ ఇంకా వంకరగానే ఉంది.

ప్రశ్న అడిగినవారు

థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. మా ఆవిడకి చూపించాను, జిమ్నీ కథ ముగిసింది. ఒక్క డౌట్. థార్‌ని తారు రోడ్డు మీద 4హెచ్‌లో పెట్టి నడిపాను. మలుపు తిప్పుతుంటే గింజుకున్నట్టు, ఎవరో వెనక పట్టుకున్నట్టు అనిపించింది. బండిలో లోపమా?

జవాబు (కళింగపట్నం)

లోపం బండిలో లేదు తమ్ముడూ. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి. థార్‌లో 4హెచ్ వేస్తే ముందూ వెనకా ఒకటిగా బిగుసుకుంటాయి. ఇసుకలో, బురదలో చక్రం జారి సర్దుకుంటుంది, పొడి తారు మీద జారదు. ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. విటారాకి మధ్యలో, ముందు వెనక చక్రాల్ని వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉంది కాబట్టి 4హెచ్‌లో తారు మీద నడపొచ్చు, లాక్ మాత్రం ఇసుకకే. మీ స్నేహితుడికి ఈ సంగతి నేను చెప్పానని చెప్పకు.

ఆ, ట్రెక్కింగ్ బూట్లు తెచ్చుకుంటే బాగా కడిగి తీసుకురా. అడుగున నాగావళి బురద ఉంటే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు. ఎలాగూ డిక్లేర్ చెయ్యాలి.