ఇంటి ముందు మట్టి జాగా, రెండేళ్లుగా ఏ మొక్కా నిలబడట్లేదు. మీ అనుభవాలు చెప్పండి

ఉప్పల్_పెరడు:
అందరికీ నమస్కారం. మాది ఉప్పల్ దాటాక కొత్త కాలనీ, 200 గజాల ఇల్లు, తూర్పు ముఖం. ప్రహరీ గోడకీ వరండాకీ మధ్య 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు మట్టి జాగా కావాలనే వదిలాం, తోట వేసుకుందామని. గృహప్రవేశం అయి రెండేళ్లయింది. నూరువరహాలు పెడితే ఆకులు పసుపెక్కి అక్కడే ఆగిపోయాయి, గులాబీలు నర్సరీ నుంచి తెచ్చినప్పుడు పూసినవే పూలు. కనిపించినదల్లా ఒక్కోటి చొప్పున 40 రకాల దాకా కొన్నాం, బతికినవి కూడా ఓ పద్ధతిగా కనిపించవు. బోరు నీళ్లే గతి. అత్తయ్యకి పూజకి పూలు కావాలి, పాపకి ఆడుకోను గడ్డి కావాలట, నాకు పొద్దున అరగంట కంటే ఎక్కువ కుదరదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

కడియం_బాట:
అమ్మా, ముందు మొక్కలు కొనడం ఆపండి. మాది కడియం పక్క ఊరు, నర్సరీల మధ్యే పుట్టి పెరిగాను. కొత్త ఇళ్ల వాళ్లు చెప్పే కష్టం నూటికి తొంభై ఇదే, ఆకు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. మీవీ అలాగే ఉన్నాయా? అయితే ఒకచోట గునపంతో అడుగున్నర తవ్వి చూడండి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, టైల్స్ ముక్కలు అన్నీ అక్కడే వేసి పైన నాలుగు అంగుళాలు ఎర్రమట్టి కప్పేసి ఉంటారు. సిమెంటు వల్ల మట్టిలో సున్నం ఎక్కువైపోతుంది, అప్పుడు ఇనుము మట్టిలో ఉన్నా వేరుకి అందదు. నూరువరహాలకి కాస్త పులుపు నేల కావాలి కాబట్టి దెబ్బ మొదట దానికే తగులుతుంది.

ఇంకోటి. మా వైపు నుంచి వచ్చే మొక్కలు చాలావరకు గోదావరి ఒండ్రుమట్టి ముద్దలో ఉంటాయి. లారీలో దూరం వెళ్లాలి కాబట్టి ఆ ముద్ద విడిపోకూడదు, అందుకే జిగురు మట్టి వాడతారు. దాన్ని కవరు కోసి అలాగే గోతిలో పెడితే ఎండకి రాయిలా బిగుసుకుపోయి, చుట్టూ మట్టి తడిగా ఉన్నా లోపలికి నీరు దిగదు. నాటే ముందు ముద్దని బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, అంచుల మట్టిని వేళ్లతో మెల్లగా వదులు చేయండి. నడిమి వేళ్లు కదపొద్దు.

ఉప్పల్_పెరడు:
ఈనెలు ఆకుపచ్చగానే ఉన్నాయండి! ఆదివారం తవ్వించి చెబుతాను.

హన్మకొండ_మల్లి:
అక్కా, తవ్వించే లోపు ఇంకో పని చెయ్యి, పైసా ఖర్చు లేదు. సెలవు రోజు పొద్దున 8కి, 11కి, మధ్యాహ్నం 2కి నీడ ఎక్కడిదాకా ఉందో సున్నం ముగ్గుతో గీత గీసి ఫొటో తీసుకో. తూర్పు ముఖం అంటే మధ్యాహ్నం తర్వాత ఇంటి నీడ మొత్తం ముందుకే పడుతుంది. గులాబీకి రోజుకి ఆరు గంటల ఎండ లేకపోతే కొమ్మ సాగుతుంది కానీ మొగ్గ వేయదు. మేము మొదటి ఇంట్లో గులాబీలన్నీ వరండా పక్కనే పెట్టి మూడేళ్లు ఎరువులు మార్చుకుంటూ కూర్చున్నాం, తీసి గోడ పక్కకి మారిస్తే రెండు నెలల్లో పూసాయి. నీడ ఎక్కువ ఉన్న చోట నందివర్ధనం పెట్టు, పూజకి ఏడాది పొడుగునా తెల్లపూలు ఇస్తుంది. ఎండ తగిలే గోడ వెంబడి మందారం, మల్లె, ఒక మూలకి పారిజాతం. పారిజాతం కింద తెల్లారేసరికి పూలు రాలి ఉంటాయి, అక్కడ బండలు పరవకుండా శుభ్రంగా ఊడ్చిన మట్టి ఉంచుకుంటే ఏరుకోవడం సులువు.

చూడ్డానికి కలగాపులగంగా ఉందన్నావు కదా, దానికి కారణం రకరకాలవి ఒక్కొక్కటి పెట్టడమే. 40 రకాలు వద్దు, ఏడెనిమిది రకాలు చాలు, కానీ ఒక్కో రకం మూడో అయిదో కలిపి గుంపుగా పెట్టు. గోడ వైపు పొడుగువి, నడవ వైపు పొట్టివి. నందివర్ధనాల గుంపు ఒకటి గేటు దగ్గర, ఇంకోటి మెట్ల దగ్గర పెడితే కన్ను ఇటు నుంచి అటు వెళ్తుంది, చిన్న జాగా కూడా పెద్దగా కనిపిస్తుంది.

విశాఖ_పచ్చిక:
గడ్డి గురించి ఎవరూ చెప్పలేదు. నేనైతే వేసుకోమనే అంటాను. పిల్లలు పాదాలతో గడ్డి తొక్కుతూ పెరగడం వేరు. మెత్తగా ఉంటుందని మెక్సికన్ గడ్డి అమ్ముతారు, నీడలో అది పలచబడిపోతుంది, ఎండ ఉన్న సగంలోనే వేయండి.

గుంటూరు_గట్టు:
నేను ఒప్పుకోనండీ. హైదరాబాద్‌లో బోరు మీద ఆధారపడి, ఏప్రిల్ మే నెలల్లో రోజూ తడిపి, పదిహేను రోజులకోసారి కత్తిరించి, తుంగ పీకుతూ ఉండాలంటే అరగంట ఏ మూలకీ రాదు. మా ఇంట్లో నాలుగేళ్లు పెంచి తీసేశాం. నీళ్ల ట్యాంకర్ తెప్పించుకునే వీధిలో గడ్డికి నీళ్లు పెట్టడం నాకు మనసొప్పలేదు. పాప ఆడుకోవడానికి ఒక మంచం వేసేంత చోటు గరిక పెంచండి, చాలు. గరిక ఎండిపోయినట్టు కనిపించినా తొలకరి పడగానే లేస్తుంది, వినాయక చవితికి బయట వెతుక్కోనక్కర్లేదు. మిగతా నడక దారికి కంకర, మధ్య మధ్య షాబాద్ బండలు.

పాప ఉందన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. గన్నేరు చూడ్డానికి బావుంటుంది, నీళ్లు లేకపోయినా బతుకుతుంది, కానీ ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే. వరండాలో పెట్టుకునే డిఫెన్‌బాకియా ఆకు నమిలితే నోరు, నాలుక వాచిపోతాయి. పిల్లకి నోట్లో పెట్టుకునే అలవాటు పోయేదాకా ఈ రెండూ వద్దు. అలాగే గోడ పక్కన పచ్చగా కంచెలా పెరుగుతుందని కోనోకార్పస్ అంటగడతారు, తీసుకోకండి. వేర్లు డ్రైనేజీ పైపుల్లోకి దూరతాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది.

విశాఖ_పచ్చిక:
ట్యాంకర్ల మాట నిజమే. మా వైపు ఆ ఇబ్బంది లేదు కాబట్టి అలా అన్నాను. గరిక మంచి ఆలోచన.

ఉప్పల్_పెరడు:
తవ్వించామండి. కడియం_బాట గారు చెప్పింది అక్షరాలా నిజం. గోడ పొడుగునా అడుగు లోతు నుంచి కాంక్రీటు ముక్కలు, ప్లాస్టరింగ్ రాలిన ఇసుక, రెండు మొత్తం సిమెంటు సంచులు గడ్డకట్టి ఉన్నాయి. ఏడుపొచ్చినంత పనైంది, ఆ మొక్కలన్నీ దాని మీద ఎలా బతికాయో. అంతా తీయించేసి రెండడుగుల లోతు ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపిస్తున్నాం. మిగిలిన నూరువరహాలు రక్షించుకోవచ్చా?

కడియం_బాట:
రక్షించుకోవచ్చు. లీటరు నీళ్లకి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉండే ఉప్పు), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి, వారం పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు. మా రైతులు వేరుశనగకి వాడేది ఇదే. కొత్త చిగురు పచ్చగా వస్తే పని జరిగినట్టు, పాత ఆకు మారకపోయినా దిగులు పడకండి. ఎరువు మాత్రం వాసన పోయి, పొడిపొడిగా నల్లగా అయ్యాకే వేయండి. పచ్చి పేడ వేస్తే వేడికి వేర్లు మాడతాయి, చెదలు కూడా వస్తాయి.

డల్లాస్_కరివేపాకు:
దూరం నుంచి చదువుతున్నాను, మట్టి కింద సిమెంటు అనగానే మా నల్ల జిగటమట్టి గుర్తొచ్చింది, ఇక్కడా అంతే, ముందు నేల బాగుచేసుకోకపోతే ఏదీ నిలవదు. నేను మల్లె, కరివేపాకు పెద్ద కుండీల్లో పెట్టి, నవంబరులో మంచు పడే రోజులొచ్చేసరికి గరాజ్‌లోకి లాగుతాను. అక్కడ నేలలో మల్లె పెట్టుకోగలగడం ఎంత అదృష్టమో మీకు తెలియదు, ఒక్క పాదైనా తప్పకుండా పెట్టండి.

నీళ్ల విషయంలో నా అనుభవం: డ్రిప్, టైమర్ పెట్టాక పొద్దున్న టెన్షన్ పోయింది. గంటకి 4 లీటర్ల డ్రిప్పర్లు, అరగంట వదిలితే ఒక్కోదానికి 2 లీటర్లు. పాదుల్లో రెండు అంగుళాల మందాన ఎండుటాకులు కప్పండి, కలుపు తగ్గుతుంది, తడి నిలుస్తుంది.

హన్మకొండ_మల్లి:
బోరు నీళ్లతో డ్రిప్ అయితే మట్టి మీద తెల్లటి ఉప్పు పేరుతుంది అక్కా, డ్రిప్పర్లు కూడా మూసుకుపోతాయి. నెలకోసారి పైపుతో నిండా తడిపి ఆ ఉప్పుని కిందికి దింపాలి. వానాకాలం ఎలాగూ కడిగేస్తుంది.

మందారం పెడితే పిండినల్లి వస్తుంది, ఇప్పుడే తెలుసుకో. చిగుళ్ల దగ్గర తెల్లటి దూదిలా కనిపించగానే పైపు నీళ్లు గట్టిగా కొట్టి రాల్చెయ్యి, ముడుచుకుపోయిన చిగురు కత్తిరించి సంచిలో కట్టి పడెయ్యి. తర్వాత లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టు. కొమ్మ మీద చీమల బారు కనిపిస్తే పురుగు కనిపించకపోయినా వెతుకు. పురుగుల తీపి జిగురు కోసం వచ్చే చీమలే వాటిని ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి మోస్తాయి.

ఉప్పల్_పెరడు:
నాలుగు నెలల తర్వాత రాస్తున్నాను. గోడ వెంబడి మందారాలు అయిదు, మల్లెలు మూడు, నీడ వైపు నందివర్ధనాలు మూడేసి చొప్పున రెండు గుంపులు, మూలకి పారిజాతం. నూరువరహాల్లో నాలుగు బతికాయి, మెట్ల పక్కన వరసగా పెట్టాను, చిగుళ్లు పచ్చగా వస్తున్నాయి. జులైలో బంతి నారు పోశాం, నడవ పొడుగునా నాటితే సరిగ్గా బతుకమ్మకి పూసింది. మా పాప ఈసారి సొంత పూలతో బతుకమ్మ పేర్చింది, ఆ తొమ్మిది రోజులూ వీధిలో పిల్లలంతా మా గేటు దగ్గరే. గులాబీ ఒకటి మాత్రం ఏడు ఆకుల కొమ్మ ఒకటి వేసి తాటిచెట్టులా పొడుగ్గా పోతోంది, పువ్వు లేదు. ఇంకో సంగతి, మల్లెలు ఎప్పుడు కత్తిరించాలి?

కడియం_బాట:
ఆ కొమ్మ అంటు కింద నుంచి వచ్చిందేమో చూడండి. అది నాటు గులాబీ, బలమంతా అదే లాగేస్తుంది. పైపైన కత్తిరిస్తే మళ్లీ వస్తుంది, మట్టి తీసి మొదట్లోంచి పీకేయండి.

మల్లెకి నవంబరు నడిమి నుంచి నీళ్లు తగ్గించండి, నెలాఖరుకి అడుగున్నర ఎత్తుకి కత్తిరించి మిగిలిన ఆకు దూసేయండి. మోడులా ఉందని మీ అత్తయ్య గారు కంగారు పడతారు, ముందే చెప్పి ఉంచండి. పశువుల ఎరువు వేసి మళ్లీ తడి మొదలుపెడితే మార్చికల్లా మొగ్గ పడుతుంది.

ఉప్పల్_పెరడు:
మట్టి తీసి చూశాను, అంటు కింద నుంచే. పీకేశాను. అత్తయ్యకి కూడా చెప్పాను, ఒక పాదు వదిలేసి రెండే కత్తిరించమంటున్నారు.