విపత్తు సన్నద్ధతకు ప్రభుత్వ నిధులు: కాలనీవాసులకు దారి ఏది?

ప్రశ్న: కాలనీ కార్యదర్శి, మూసారాంబాగ్

మాది మూసీని ఆనుకుని ఉన్న కాలనీ. ఎగువనున్న ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడల్లా వంతెన మీద రాకపోకలు ఆగిపోవడం, దిగువ వీధుల్లోకి నీరు రావడం మాకు అలవాటైపోయింది. 2020 అక్టోబరు వరదల తరువాత సంక్షేమ సంఘంలో ముందుజాగ్రత్తల గురించి చర్చ మొదలైంది గాని, చందాలతో నడిచే సంఘం కావడం వల్ల అది మాటలు దాటలేదు. విపత్తు నిధుల్లో కొంత భాగాన్ని ప్రజల శిక్షణకు వాడవచ్చని ఈ మధ్య ఒక సమావేశంలో విన్నాము. ఆ సొమ్మును మావంటి సంఘం నేరుగా అడగవచ్చునా? కార్యవర్గంలో ఎక్కువమంది నీరు తోడే మోటారు, రబ్బరు పడవ, మైకులు కొందామంటున్నారు. మనుషులను సిద్ధం చేయకుండా సామాను కొనడం నాకు సబబుగా తోచడం లేదు. తెలిసినవారు వివరించగలరు.

జవాబు: విశ్రాంత అకౌంట్స్ అధికారి, నల్లకుంట

నేరుగా రాదండి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధులను పంచిన తీరు చూస్తే, మొత్తంలో 80 శాతం స్పందన నిధికి, 20 శాతం ముప్పును ముందే తగ్గించే పనులకు ఉద్దేశించిన ఉపశమన నిధికి కేటాయించారు. ఆ 80లో 40 తక్షణ సహాయానికి, 30 పునర్నిర్మాణానికి, మిగిలిన 10 సన్నద్ధతకు, సామర్థ్యం పెంపునకు. మీకు పనికివచ్చేది ఈ చివరి పద్దు ఒక్కటే. అయితే ఆ సొమ్ము ప్రభుత్వ యంత్రాంగం చేతుల మీదుగానే ఖర్చవుతుంది.

కనుక సంఘానికి డబ్బు ఇమ్మని కాకుండా, మా కాలనీలో శిక్షణ జరిపించమని కలెక్టరుగారికి దరఖాస్తు పెట్టండి. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు ఆయనే అధ్యక్షులు. స్థానిక సంస్థల, స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో ప్రజలకు శిక్షణ ఇప్పించే బాధ్యతను 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 30వ సెక్షన్ ఆ సంస్థకే అప్పగించింది. దరఖాస్తులో ఆ సెక్షన్‌ను ప్రస్తావిస్తే, దాన్ని పక్కన పెట్టడం అంత తేలిక కాదు.

సామాను మీద మోజు ఎందుకంటే, కొన్న పడవకు బిల్లు ఉంటుంది, నేర్చుకున్న మనిషికి ఉండదు. ఇచ్చిన సొమ్ము దేనికి ఖర్చయిందో తెలిపే వినియోగ ధ్రువపత్రం రాసేవారికి పడవే సుఖం. కేంద్ర గ్రాంటు ఏదైనా మీ చేతికి వస్తే ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల లోపు, కేంద్ర సాధారణ ఆర్థిక నియమావళిలోని 12-ఎ నమూనాలో ఆ పత్రం ఇవ్వాలి. అప్పుడు శిక్షణకు హాజరు పట్టిక, శిక్షకుల రసీదులు, మాక్ డ్రిల్ ఎన్ని గంటలకు మొదలై ఎన్నింటికి ముగిసిందో రాసిన నివేదిక జతచేస్తే అభ్యంతరాలు తక్కువగా వస్తాయి.

జవాబు: ఆపద మిత్ర వాలంటీరు, అంబర్‌పేట్

2016లో 30 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, తరువాత 350 జిల్లాల్లో లక్షమందికి విస్తరించిన పథకం మాది; విపత్తుల్లో ఇరుగుపొరుగుకు సాయపడేలా స్థానికులను తయారుచేయడం దాని పని. 12 రోజుల శిక్షణ, లైఫ్ జాకెట్, టార్చి, విజిల్, ప్రథమ చికిత్స పెట్టె ఉన్న కిట్టు ఇచ్చారు. శిక్షణ మంచిదే. కాని ఏడాదిపాటు తాడు పట్టకపోతే నేర్చుకున్న ముడులు చేతికి రావు. రెండో ఏటి సాధనకు కూడా ఇప్పుడే అడగండి.

దానికి ముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది. గల్లీ వారీగా జాబితా రాయండి. ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న రోగి ఏ ఇంటి కింది వాటాలో ఉన్నాడు, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడుంది, కరెంటు ఆపించడానికి ఎవరికి ఫోన్ చేయాలి, మేడపైకి వెళ్లే తలుపు తాళం ఎవరి దగ్గర ఉంది? అపార్టుమెంట్లలో సెల్లార్‌లో కాపురముండే వాచ్‌మన్ కుటుంబం సంఘం సభ్యుల పట్టికలో ఉండదు, నీళ్లు మాత్రం మొదట వారి గదిలోకే వస్తాయి. మాక్ డ్రిల్ కూడా కరెంటు ఆపి, చీకట్లో చేయండి. పగలు ఫొటోల కోసం చేసే డ్రిల్‌లో మెట్ల మీద ఎవరు తడబడతారో తెలియదు.

జవాబు: మహిళా పొదుపు సంఘం సభ్యురాలు, చాదర్‌ఘాట్

పెద్దలు మన్నించాలి. మా బస్తీలో చాలామంది ఇళ్లలో పని చేసుకునేవారు. ఆదివారం ఉదయం పది గంటలకు ఫంక్షన్ హాలులో శిక్షణ పెడితే వారు రాలేరు, వస్తే ఆ పూట కూలి పోతుంది. మైకులకు పెట్టే సొమ్ములో కొంత వారి ఆటో ఛార్జీలకు, పోయిన కూలికి కేటాయించగలరా? సూచనలు తెలుగుతో పాటు ఉర్దూలోనూ ఉండాలి, లేకపోతే మా గల్లీలో సగం ఇళ్లకు అవి చేరవు.

జవాబు: విశ్రాంత అకౌంట్స్ అధికారి, నల్లకుంట

చాలా న్యాయమైన మాటమ్మా. అయితే శిక్షణార్థుల భత్యం అనే పద్దు మంజూరు ఉత్తర్వులో ముందే ఉండాలి. తరువాత చేరిస్తే ఆడిట్‌లో ఎంత సద్వ్యయమైనా అభ్యంతరమే. ప్రతిపాదనలోనే మనిషికి రోజుకు ఇంత అని రాయించండి.

కార్యదర్శి, మూసారాంబాగ్

అందరికీ కృతజ్ఞతలు. మోటారు సంగతి చందాల మీద చూసుకుంటాము. దరఖాస్తులో శిక్షణ, రెండో ఏటి సాధన, భత్యం మాత్రమే పెడతాము. గల్లీ జాబితా ఈ వారమే మొదలవుతుంది. చాదర్‌ఘాట్ అక్కగారు సాయంత్రం ఏ వేళ వీలవుతుందో చెబితే, దరఖాస్తులో ఆ సమయమే రాస్తాము.