ఈ-సిగరెట్ల ‘ఫ్లేవర్’ను రుచి అనాల్నా వాసన అనాల్నా?

పోస్టు: నమస్తే అందరికి. నాది పాలమూరు, పబ్లిక్ హెల్త్ చదువుతున్న. ఈ-సిగరెట్ల మీద కాలేజీ పిల్లలను అడగనీకి తెలుగుల ప్రశ్నలు రాస్తున్న, 2019ల చట్టం తెచ్చి అమ్మకం బంద్ చేసిన్రు గని తాగుడు మొత్తం ఆగలేదు కద. నెదర్లాండ్స్ పరిశోధకులు తయారుచేసిన ఫ్లేవర్ చక్రం, అంటే ఈ-సిగరెట్ ఫ్లేవర్లను తరగతులుగ పంచి చూపే గుండ్రటి బొమ్మ, ముంగట పెట్టుకున్న. అండ్ల 13 పెద్ద తరగతులు, వాటి కింద 90 చిన్నవి ఉన్నయి. పొగాకు, మెంథాల్-పుదీనా, పండ్లు, డెసర్ట్, క్యాండీ, మద్యం, మసాలాలు, కాఫీ-టీ ఇట్ల పోతది, ఆఖరికి ఏ ఫ్లేవరో తెల్వనివి, అసలు ఫ్లేవరే లేనివి. ఫ్లేవర్‌కు తెలుగుల ఏం రాయాలె? డెసర్ట్, క్యాండీ రెండు వేరే అని ఎట్ల చెప్పాలె? జర చెప్పుర్రి.

జవాబు: రుచి అని మాత్రం రాయకు చెల్లె. రుచి అంటే మనకు ఆరే, తీపి పులుపు ఉప్పు కారం చేదు వగరు. ఇది మామిడి, ఇది కాఫీ అని చెప్పేది ఎక్కువ ముక్కే, జలుబు చేసినప్పుడు ఏ కూరైనా సప్పగ ఉంటది చూడు. ఈ-సిగరెట్‌ల పోసే లిక్విడ్‌ల ఎక్కువ ఉండేది ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాటికి కొద్దిగ తీపి తప్ప పెద్ద రుచి లేదు, వెనిలిన్, ఇథైల్ మాల్టాల్ అసొంటి వాసన ఇచ్చే రసాయనాలు కలిపితేనే ఐస్‌క్రీమ్ లెక్క, మిఠాయి లెక్క అనిపిస్తది. అట్లని వాసన అని రాస్తే పిల్లలు పొగ కంపు గురించి అడుగుతున్నరు అనుకుంటరు. ఫ్లేవర్ అనే ఉంచు, కూల్‌డ్రింకు తాగిన ప్రతోనికి తెలిసిన మాటనే.

జవాబు: పైన సార్ చెప్పింది మంచిగుంది గని అసలు కిరికిరి సల్లదనం కాడ వస్తది అక్కా. మ్యాంగో ఐస్ అని ఉంటే పండ్లల్ల ఏస్తవా మెంథాల్‌ల ఏస్తవా? సల్లగ అనిపించుడు రుచి కాదు వాసన కాదు, చలిని పసిగట్టే నరాలను మెంథాల్ తట్టి లేపుతది, మిరపకాయ మంట ఎట్లనో ఇది గట్ల. ఇప్పుడు డబ్ల్యూఎస్-23 అని ఒక రసాయనం ఉంది, పుదీనా వాసన రాకుండనే సల్లగ చేస్తది. అందుకని ఫ్లేవర్ ఏంది అన్నది ఒక ప్రశ్న, గొంతుల సల్లగ అనిపించిందా అన్నది ఇంకో ప్రశ్న పెట్టు. రెండూ కలిపితివా, లెక్క తప్పుతది.

జవాబు: మరి సీతాఫలం సంగతేంది 😄 మన బాలానగర్ సీతాఫలాన్ని ఇంగ్లీషుల కస్టర్డ్ యాపిల్ అంటరు, పేరు పట్టుకొని కంప్యూటర్‌తోని వేరుచేసేటోడు ఉంటే కస్టర్డ్ చూసి డెసర్ట్‌ల ఏస్తడు, యాపిల్ చూసి ఇంకో కాడ ఏస్తడు, సీతాఫలం మాత్రం ఏడ దొరకదు. 2014 జనవరిల ఇంగ్లీషు వెబ్‌సైట్లు ఎతికితేనే 7,764 ఫ్లేవర్ పేర్లు దొరికినయట, అన్ని ఎవరు పీల్చి చూస్తరు, డబ్బా మీద పేరు చూసే పంచుతరు. పిల్లలను అడిగేటప్పుడన్న పేరు అడగకు, నీకు ఏం లెక్క అనిపించింది అని అడుగు.

జవాబు: డెసర్ట్‌కు నేనైతే కేకు, ఐస్‌క్రీమ్, పాయసం అసొంటివి అని రాస్త. క్యాండీకి సప్పరించే బిళ్లలు అని రాస్త, చాక్లెట్లు అని రాస్తే ఆగమైతది, మా నల్లగొండ దిక్కు అర్ధరూపాయి పిప్పరమెంటు బిళ్లను కూడ చాక్లెట్ అనే అంటరు. నిమ్మతొనల బిళ్ల లెక్క ఉందంటే అది బిళ్లల్లకే పోవాలె, నిమ్మకాయ పేరు ఉందని పండ్లల్ల కలపొద్దు. ఇంకోటి, ఫ్లేవర్ లేనిదానికి ‘ఉత్తది’ అని రాయకుర్రి, పొగాకు ఫ్లేవర్‌నే ఉత్తది అనుకునేటోళ్లు ఉంటరు.

పోస్టు పెట్టినామె: మస్తు థ్యాంక్స్ అందరికి. సల్లదనం ప్రశ్న వేరే పెడుతున్న. మద్యం కాడ విస్కీ, రమ్ముతోటి కల్లు కూడ రాయాల్నా?

జవాబు: ఏ వద్దే, కల్లు ఫ్లేవర్ ఎవడు చేస్తడు, పిల్లలు నవ్వుకుంట అదే టిక్కు పెడతరు.

పోస్టు పెట్టినామె: హహ సరే అన్నా తీసేసిన. మసాలాలు అన్నకాడ కూడ లవంగం, దాల్చినచెక్క అని పేర్లు పెట్టి రాస్తున్న, ఉట్టిగ మసాలా అంటే బిర్యానీ అనుకుంటరు.