అప్‌డేట్: ఆ గేమ్‌ను నూరు శాతం పూర్తి చేశాను

కథ ముగిశాక కూడా ఈ హ్యాక్ అండ్ స్లాష్ (ఆయుధం పట్టి శత్రువుల గుంపులను నరుకుతూ సాగే) గేమ్‌లో మిగిలిన ట్రోఫీల కోసం ఆడడం దండగా అని ఇంతకుముందు అడిగాను. చాలామంది వద్దన్నారు; అయినా పట్టు విడవక మిగతా ట్రోఫీలన్నీ గెలిస్తే దక్కే ప్లాటినం ట్రోఫీ సాధించాను.

అత్యంత కఠినమైన స్థాయిలో శత్రువుల పోరాట తీరు మారుతుందని ఆశించాను గానీ, అక్కడ పెరిగింది వారి హెల్త్ బార్ (ప్రాణశక్తి) మాత్రమే కావడంతో, మొదటి అధ్యాయంలో నేర్చుకున్న కాంబోనే (వరుస దెబ్బల కలయికనే) చివరి బాస్ (పెద్ద శత్రువు) దాకా నొక్కుతూ పోవలసి వచ్చింది. 2019లో వచ్చిన ఇదే తరహా గేమ్ డెవిల్ మే క్రై 5లో ఒకే దెబ్బను పదేపదే వాడితే స్టైల్ ర్యాంక్ (పోరాట తీరుకు ఇచ్చే గ్రేడు) ఎదగదు కనుక ఆటగాడు తనంతట తానే కొత్త దెబ్బలు వెతుక్కుంటాడు. నేను ఆడిన ఈ గేమ్‌లో మాత్రం ర్యాంక్ ఎంత త్వరగా ముగించామన్న దాన్ని బట్టే వస్తుంది.

కెమెరా సంగతి చెప్పనే అక్కరలేదు. గోడ మూలకు చేరగానే అది హీరో వీపుకు అతుక్కుపోతుంది, వెనుక నుంచి వచ్చే బాణం తగిలాకే కనిపిస్తుంది. కత్తి ఒకసారి ఎత్తాక, ఆ యానిమేషన్ ముగిసేదాకా డాడ్జ్ (దెబ్బ తప్పించుకునే) బటన్ పనిచేయదు. అన్నిటికంటే విసిగించినవి దాచిపెట్టిన శిలాఫలకాలు: ఏది తప్పిపోయిందో మెనూ చెప్పదు, వెతకడానికి మళ్లీ వెళితే స్కిప్ చేయలేని కట్‌సీన్‌లన్నీ (కథ చెప్పే వీడియో దృశ్యాలన్నీ) చూడవలసిందే.

ఇంతా చేస్తే దక్కిన బహుమతి, కొత్తగా మొదలుపెట్టిన ఆటలో మాత్రమే వేసుకోగలిగే ఒక కాస్ట్యూమ్. గేమ్‌ను డిలీట్ చేశాను.